కారణం అన్న గడిలో

ఆర్టీవో ఆఫీసు గోడవతల
నీలి తాటిపత్రి కింద నా బల్ల, నా కుర్చీ.
కాయితాలు ఎగరకుండ
పాత లారీ బేరింగొకటి బరువు.
ఇరవై రెండేండ్ల సంది ఇక్కడ నేను రాసేది ఒకటే మాట:
అయ్యా, దయచేసి నన్ను వదిలేయండి.
కన్ను మసకైనోనికి ఒక తీరు,
కాలు కురచైనోనికి ఇంకో తీరు.
అక్షరాలు మారుతయి గని
వంగే నడుము మారదు.

నిన్న బుధవారం
గుర్రంపోడు నుంచి సైదమ్మ వచ్చింది.
బత్తాయి వాసన ముందొచ్చింది, వెనక ఆమె.
ఐదేండ్లప్పుడు జరమొచ్చి చెవులు పోయినయట.
చెప్పింది వెంటొచ్చిన మేనల్లుడు శివకోటి.
పదేండ్లు తోటల నడుమ ట్రాలీ ఆటో నడిపిందట,
మట్టిబాటల మీద ఆపి అడిగినోడు లేడు.
ఇప్పుడు కాయ నల్లగొండ మార్కెటుకు తోలాలె,
పెద్దరోడ్డు ఎక్కాలె.
ఎక్కాలంటే ముందు
నేర్చుకుంటున్న అని ఒక కార్డు కావాలె,
బండికి ఎర్ర ఎల్లు అతికించాలె.
'వచ్చినోళ్లకు దాని మినహాయింపు లేదా?' అన్నడు పిలగాడు.
లేదు బిడ్డా,
వచ్చినోళ్లు గూడ ముందుగాల
రాదని సంతకం పెట్టాలె.
సర్కారు లెక్క అది.

ఫారం తీసిన.
ఏ నిబంధన నుంచి మినహాయింపు?
చెవి పరీక్ష, రాసిన.
కంప్యూటర్ కాడ తలకు పెట్టే హెడ్‌ఫోను, రాసిన.
కారణం అన్న గడి అగ్గిపెట్టెంత.
ముప్పై ఐదేండ్ల నిశ్శబ్దం అండ్ల ఎట్ల పడుతది?
అలవాటు కొద్ది కలం
'అభాగ్యురాలిని' అని మొదలువెట్టింది.
శివకోటి నుదురు కొట్టుకుని ఆమెకు చూపిండు,
ఆ మాటకు సైగ అదేనట.
ఆమె నా కలం మీద వేలు పెట్టింది.
కొట్టేయమంది.

గుర్తుల పుస్తకం తెరిచిన,
పరీక్షల ఏమొస్తయో చూపుదామని.
ఎర్ర గుండ్రం, నడుమ హారను, మీద అడ్డగీత.
రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని
నవ్వింది సైదమ్మ,
ఈ బోర్డు మా ఇంటి ముంగటనే పాతిండ్రు
అన్నట్టు.

లోపట ఇన్‌స్పెక్టరు అడిగిండట,
వెనక లారోడు హారను కొడితే ఎట్లమ్మా అని.
ఆమె గాలిల అద్దం గీసి అండ్లకు చూసింది.
తర్వాత చెప్పు విడిచి
అరికాలు నేలకు ఆనించింది.
ఆయన అప్పటికే ఫోనుల ఉన్నడు.
ఇంకో డాక్టరు కాయితం పట్టుకొని
వచ్చే వారం రమ్మన్నడు.

అసలు ముచ్చట అంతకు ముందే అయ్యింది.
కిటికీ కాడ గుమస్తా
సైదమ్మా, సైదమ్మా, సైదమ్మా అని
మూడుమార్లు పిలిచిండట.
శివకోటి చాయకు పోయిండు.
ఆమె ముందు బెంచీ మీదనే కూసుంది,
గోడ మీద చారల దాటు బొమ్మను చూసుకుంట.
రాలేదు, అని పేరు మీద గీత కొట్టిండు.
వినపడదు అని నేను రాసిన కాయితం
ఆయన చేతులనే ఉంది.
నాలుగు గంటల దాక
ఆ గీత ఎవ్వరూ చెరపలేదు.

పొద్దుమీకి మళ్ల నా బల్ల కాడికొచ్చిండ్రు.
వచ్చే వారానికి కొత్త ఫారం.
కారణం గడి నిండింది, జాగ లేదు.
అంచు పొడుగూత రాసిన,
కాయితం తిప్పితే గని చదవరాకుండ:
పేరు పిలవకుండ్రి. చెయ్యి ఊపుండ్రి.
అయ్యా లేదు, దయచేసి లేదు.
నా చేతిరాత నాకే కొత్తగ కొట్టింది.

ముప్పై రూపాయలు వద్దులే అన్న,
వేళ్లు అడ్డంగ ఊపిన,
నాకొచ్చిన సైగ అదొక్కటే.
ఆమె మొహం గట్టివడ్డది.
కొంగు ముడి విప్పి
మూడు పదులు బేరింగు కింద పెట్టి
బల్ల మీద ఒకసారి తట్టింది.

ఆ తట్టుడు
ముందు నా మోచేతికి తెలిసింది.
చెవికి తర్వాత.